విశ్వకర్మ పూజ నాటి హారన్

ఆ రోజుల్లో కారు హారన్‌కి ఒక మర్యాద ఉండేది. ఇప్పట్లాగ ఎక్కడ వేలు తగిలినా కుయ్యిమనే సరుకు కాదు. స్టీరింగ్ నడిమధ్యన పెద్ద పూరీ అంత గుండ్రటి బటన్ ఒకటి ఉండేది. దాన్ని అరచేత్తో అదమాలి. అదిమితే లోపల స్ప్రింగు కిందికి దిగాలి, రేకూ రేకూ తగలాలి, అప్పుడు గాని బండి నోరు విప్పదు. చెయ్యి తీసేస్తే స్ప్రింగు బటన్ని పైకి తన్నాలి, బండి నోరు ముయ్యాలి. ఈ రెండో ముక్క జరగని రోజున ఏమవుతుందో జంషెడ్‌పూర్ మొత్తానికి తెలిసొచ్చింది, ఆ నోరు మూయించిన ఘనత మాత్రం నాది. (మొత్తానికి అంటే, మా గారేజీ నుంచి ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా. నాకు పెంచి చెప్పే జబ్బుంది. వెంటనే ఒప్పేసుకునే జబ్బు కూడా ఉంది. రెండింటికీ మందు వాడడం లేదు.)

ఇంటర్ తప్పి, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి, మా బావ దగ్గర పని నేర్చుకుందామని వచ్చిన కుర్రాణ్ణి నేను. మా అప్ప మొగుడే ఈ బావ (మా వైపు అక్కని అప్ప అంటాం). గోవింద్‌పూర్ రోడ్డు మీద ఆయనకి ఒక గారేజీ ఉండేది. లారీలు తయారయ్యే పెద్ద కర్మాగారం ఆ దగ్గర్లోనే కావడంతో ఆ రోడ్డు మీద గాలికి కూడా డీజిల్ వాసనే. అందరూ మా బావని ఉస్తాద్ అనేవారు. మా గారేజీ ముందు ఎప్పుడు చూసినా వంద కార్లు బారులు తీరి ఉండేవి. (సరే, నాలుగు. అందులో ఒకటి ఇంజను లేని డొక్కు. దాని వెనక సీటు మీద పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టేవి.) అక్కడ నేను మెకానిక్‌ని. ఇంటికి రాసిన ఉత్తరాల్లో అయితే హెడ్ మెకానిక్‌ని. అసలు సంగతి అడిగితే, బావ విప్పి పడేసిన నట్లూ బోల్టులూ కిరసనాయిలు డబ్బాలో ముంచి కడగడం నా పని. గారేజీ భాషలో దానికి ‘ధులాయి’ అని ముద్దు పేరు. నన్ను ‘ధులాయి బాబూ’ అని పిలిచేవారు. బావకి బ్రష్ కొనడమంటే ప్రాణం మీదికొచ్చేది. "బ్రష్షేటిరా, గోనెసంచి దారం లేదేటి?" అనేవాడు. అందుకని గోనెసంచిలోంచి పీచు లాగి, పురిపెట్టి, కిరసనాయిల్లో తడిపి, బోల్టు మరల్లోకి ఆ దారం దించి, రెండు కొసలూ పట్టుకుని రంపం లాగినట్టు ఇటూ అటూ లాగేవాణ్ణి. గట్టిపడ్డ మట్టి ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చేది. స్పానర్ పట్టుకోవడం మాత్రం నాకు నిషేధం. "ముందు కడగడం నేర్చుకో, ఇప్పడం తరవాత," అని బావ సిద్ధాంతం.

ఇలా ఉండగా పెళ్లి సంబంధం వచ్చింది. పర్సుడీహ్‌లో మా వైపువాళ్లే, టాటానగర్ స్టేషన్లో గూడ్సు బండి గార్డుగా చేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. వాళ్లమ్మాయిని నేను అప్పటికే చూశాను, ఒక తెలుగువాళ్ల పెళ్లి భోజనాల దగ్గర. సాంబారు వడ్డిస్తూ నా విస్తరి దగ్గరికొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాను. చేతి మీంచే ఇంకో గరిటె పోసింది. "మీ ఒంటికి సాల్దు లెండి," అని ముందుకెళ్లిపోయింది. చెయ్యి కాలింది. ఆ మంట వారం రోజుల్లో తగ్గింది, ఆ మాట తగ్గలేదు. పెళ్లంటూ చేసుకుంటే ఆ గరిటె పట్టిన అమ్మాయినే అని నిర్ణయించుకున్నాను. చిక్కల్లా ఏమిటంటే, అదే అమ్మాయికి రైల్వే లోకోషెడ్‌లో పక్కా సర్కారు ఉద్యోగం ఉన్న కుర్రాడి సంబంధం కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. వాడికి క్వార్టరూ పాసూ ఉన్నాయి. నా దగ్గర కిరసనాయిలు డబ్బా ఉంది. అందుకని మా అప్ప చేత కబురు పంపేటప్పుడు, నేను టాటాలో (జంషెడ్‌పూర్‌ని మేమంతా అలాగే అంటాం) పేరున్న మెకానిక్‌నని చెప్పించాను.

కబురు పోయిన వారానికి మా అప్ప వచ్చి, "ఒరే, గార్డుగారు నీ పని సూత్తారట," అంది.

"పనేటి సూడ్డం?"

"కూకున్నోడి మొహం ఎవడిదైనా బాగానే ఉంటాదట. పనిలో ఉన్నోడి మొహం సూడాలట. సూసొచ్చి ఆ సాయంత్రమే మాట ఇచ్చీత్తారట, నీకో, లోకోషెడ్డు కుర్రోడికో. ఎప్పుడు రమ్మంటావు?"

నా బుర్ర ఇంటర్ పరీక్షలో పని చెయ్యలేదు గాని ఆ క్షణంలో అద్భుతంగా పని చేసింది. "విశ్వకర్మ పూజ నాడు రమ్మను," అన్నాను.

"ఆ రోజు పనే ఉండదు కదరా?"

"అందుకే తీరిగ్గా మాటాడుకోవచ్చు," అన్నాను. మా అప్ప నా వంక అనుమానంగా చూసింది గాని కబురు మాత్రం చేరవేసింది.

ఈ ఊళ్లో విశ్వకర్మ పూజ అంటే ఏమిటో మీకు చెప్పాలి. ఇనుము కరిగే ఊరు కదా, పనిముట్టుకి పుట్టినరోజు లాంటిది అది. ఫ్యాక్టరీ, గారేజీ, సైకిల్ రిపేరు కొట్టు, ఎక్కడ చూసినా ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ బొమ్మ పెడతారు. ముందు రోజే స్పానర్లూ కటింగ్ ప్లయర్లూ సుత్తులూ అన్నీ కడిగి (ఎవరు కడిగి ఉంటారో ఊహించుకోండి), తుడిచి, బొట్లు పెట్టి, చిన్నా పెద్దా వరసలో దేవుడి ముందు పడుకోబెడతారు. మర్నాడు బొమ్మని నదికి తీసుకెళ్లేదాకా ఎవడూ పనిముట్టు (అక్కడివాళ్లు ఔజారు అంటారు) ముట్టుకోకూడదు. అంటే ఆ ఒక్క రోజున మా బావకీ నాకూ తేడా లేదు. పనొచ్చినవాడూ రానివాడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని పొంగలి గిన్నె చుట్టూ తిరిగే రోజు అది. నాకు పరీక్ష పెట్టడానికి పనిముట్టే లేని రోజు. ఇంతటి ఎత్తు వేసినందుకు నా వీపు నేనే తట్టుకున్నాను.

పూజ రోజు గార్డుగారు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతి గడియారం. గుమ్మంలోనే గడియారం చూసుకుని, "రైట్ టైమ్," అన్నారు తనలో తను. మా గారేజీలో రేకు షెడ్డు కింద కాయితం గొలుసులు వేలాడుతున్నాయి. బెంగాలీ పూజారి మంత్రాలు ముగించి ప్రసాదం పంచుతున్నాడు. షెడ్డు ముందర బావ సొంత కారు, తెల్లగా బొద్దుగా ఉండేది, కడిగించుకుని బంతిపూల దండ వేసుకుని పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దాని పక్కన ఇంకో పెళ్లికొడుకులా నేను నిలబడ్డాను.

"ఏటి బాబూ, కార్బొరేటర్ ఇప్పగలవా?" అన్నారు గార్డుగారు కూర్చోగానే.

"ఈ రోజు ఇప్పడం గురించి మాటాడకూడదండి," అన్నాను గొంతు తగ్గించి. "ఔజార్లు ఇంటాయి."

"ఔజార్లు ఇంటాయా!"

"పూజలో ఉన్నాయి కదండి. పని మాట సెవిన పడితే ఆటికి నిద్ర పట్టదు."

బావ పొంగలి గుటక వేసి దగ్గాడు. గార్డుగారు మాత్రం స్పానర్ల వైపు భయభక్తులతో చూసి, తనూ గొంతు తగ్గించి, "అలగా! ఆచారం తెలిసిన పిల్లడివే," అన్నారు. ఆ తరవాత ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ నేను వేలు పెదవుల మీద పెట్టి దేవుడి వైపు చూపించాను. అలా ఇంజనూ, గేరు పెట్టె, బ్రేకులూ అన్నీ దాటించేశాను. లోకోషెడ్డు కుర్రాడు నా కళ్ల ముందే దూరమైపోతున్నాడు.

అంతా అయిపోయి ఆయన లేవబోతూ కారు వైపు చూశారు. "బండికి బొట్టు పెట్టలేదేటి?"

"పెట్టేనండి, బోనెట్టు మీద," అన్నాడు బావ.

"బోనెట్టుకేటయ్యా, అది డొప్ప. మనిషి సెయ్యి తగిలే సోట పెట్టాలి." అంటూ ఆయన కారు తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. పసుపూ గంధం కలిపి హారన్ బటన్ నిండా మెత్తారు. దాని మీద కుంకం. ఆ తరవాత జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పారు. అక్షింతలు! ఒకటీ రెండూ కాదు, దోసెడు. నెయ్యి రాసి, పసుపు పట్టించి, పెళ్లికి తెచ్చినట్టు తెచ్చారు. బటన్ మీద మూడు విడతలుగా కుమ్మరించి, ఏదో శ్లోకం చదివి, "ఇప్పుడు శంఖం పూరించాలి," అని అరచేత్తో అదిమారు.

మా బావ హారన్ గురించి మీకు చెప్పలేదు. కారుతో వచ్చిన హారన్ పీలగా ఉందని పీకేసి, లారీ హారన్ బిగించాడు. దాన్ని మధ్యలో ఫ్యూజూ గీజూ లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. అది మోగితే ఎదర వెళ్తున్న గేదెలు కూడా పక్కకి తప్పుకుని సిగ్గుపడేవి. "భోం" మంది. గార్డుగారు తృప్తిగా చెయ్యి తీశారు. అది మాత్రం "భోం" మంటూనే ఉంది.

ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు. బటన్ని చూశారు. మళ్లీ అరచెయ్యి చూసుకున్నారు. "తీసీసేనే! సెయ్యి తీసీసేనే!" అని అరిచారు. రెండోసారి అదిమారు, మూడోసారి గుద్దారు. హారన్ ఇంకాస్త హుషారుగా అందుకుంది. షెడ్డు రేకులు జలజలమన్నాయి. డొక్కు కారులోంచి కోళ్లు గుడ్లని గాలికొదిలేసి రోడ్డెక్కాయి. టీ కొట్టు భయ్యా చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చి, "అరే ఉస్తాద్, బంద్ కరో భాయ్! కాన్ ఫట్ గయా!" అన్నాడు. స్టేషన్ నుంచి పోలీసులు జీపులో వచ్చారు. (రాలేదు. కానీ వస్తారనే అందరం రోడ్డు వైపు చూశాం.)

బావ ఒక్క గెంతులో దేవుడి ముందుకెళ్లి కటింగ్ ప్లయర్ మీద చెయ్యి వెయ్యబోయాడు. పూజారి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "ఖబర్దార్! ఔజార్ కో హాథ్ మత్ లగానా!"

"తీగ కత్తిరించాలి పండిట్‌జీ, ఏక్ మినట్!"

"కల్!" అన్నాడు పూజారి. రేపు. నిమజ్జనం అయ్యాక.

పక్క గారేజీ నుంచి అరువు తెద్దామా అంటే, ఆ రోజు గోవింద్‌పూర్ రోడ్డు పొడుగునా ఒక్క స్పానర్ కూడా మేలుకుని లేదు. అన్నీ బొట్లు పెట్టుకుని పడుకున్నాయి. చేత్తో బ్యాటరీ తీగ పీకేద్దామని బావ బోనెట్ ఎత్తి మెలితిప్పాడు, వేళ్లు ఎర్రబడ్డాయి గాని అది కదల్లేదు. "ఆ నట్టు నేనే బిగించేన్రా, ఏనుగొచ్చి లాగినా రాదు," అన్నాడు ఏడుపు గొంతుతో, ఆ ఏడుపులోనూ కాస్త గర్వం ఉంది. "పళ్లతో కొరికీ ఉస్తాద్," అన్నారెవరో. "నా పళ్లు పూజలో లేవనా?" అని ఆయన కయ్యిమన్నాడు. ఇంకాసేపు ఇలాగే మోగితే హారన్ కాలిపోతుంది, లేకపోతే బ్యాటరీ చస్తుంది. ఆ రెండూ నాకు అక్కర్లేదు. నాకు కావలసిన మనిషి గొడుగు చేతిలోకి తీసుకున్నారు.

"ఉస్తాద్‌గారూ!" అని గార్డుగారు హారన్ మీంచి అరిచారు. మొహం పాలిపోయింది. "నేను సెయ్యెట్టీసరికి బండి ఏడవడం మొదలెట్టింది. శకునం బాలేదండి. ఈ సమ్మంధం దేవుడికే ఇష్టం లేదేమో. నానెల్లొత్తాను!" నాలుగడుగులు వేసి, రైలు వదిలే ముందు ఒకసారి వెనక్కి చూసే అలవాటు కాబోలు, వెనక్కి చూసి, "ఏటి బాబూ, నువ్వు మెకానిక్కువి కదా! అలగ సూత్తావేటి?" అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. బావ తప్ప. బావ ఆకాశం వైపు చూశాడు.

నేను వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాను. అప్పటిదాకా ఆ సీటు తుడవడమే గాని కూర్చున్న పాపాన పోలేదు. ముందుగా, డాక్టరు రోగి గుండె విన్నట్టు, స్టీరింగ్ మీద చెవి ఆనించాను. (లారీ హారన్ మోగుతుంటే చెవి ఆనించి ఏం వింటావని మీరు అడగవచ్చు. అక్కడున్నవాళ్లెవరూ అడగలేదు.) తరవాత దిగి, ఎత్తి ఉన్న బోనెట్ లోపలికి గంభీరంగా చూశాను. ఆ ఒక్క చూపుతో యంత్రం గుట్టంతా చదివేశానని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. నిజానికి అందులో నేను గుర్తుపట్టినవి రెండే, నేను కడిగిన ఫిల్టరూ నేను కడిగిన దాని మూతా. మళ్లీ వచ్చి కూర్చుని, దేవుడి ముందునుంచి ఆరిపోయిన అగరుబత్తి పుల్ల తెప్పించి బటన్ పక్క సందులో దూర్చి మీటాను. పుల్ల విరిగి సగం లోపలే ఉండిపోయింది. జనంలోంచి నిట్టూర్పు వినిపించింది, అంత మోతలోనూ. చెమట కళ్లలోకి దిగుతోంది. గార్డుగారి గొడుగు గేటు దాకా వెళ్లింది.

అప్పుడు చెమట తుడుచుకోవడానికి వంగి, బటన్‌కి కళ్లు దగ్గరగా పెట్టాను. బటన్ ఒక పక్కకి ఒరిగి దిగిపోయి ఉంది. ఆ దిగిన పక్క, బటన్‌కీ చట్రానికీ మధ్య గోరు కూడా దూరని సందులో, పచ్చగా ఏదో కూరుకుని ఉంది. తడి గంధం ముద్ద, దాని మధ్య గింజలు, గింజల మధ్య నేను విరిచిన పుల్ల ముక్క. ఇంజన్లు తెలియవు, గేర్లు తెలియవు, కానీ సందులో కూరుకున్న మట్టి నాకు తెలుసు. పొద్దున్న లేస్తే అదే కదా నా బతుకు! లోపల అద్దానికి వేలాడుతున్న ఇంకో బంతిపూల దండ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పూలన్నీ ఒళ్లో రాలాయి, దారం చేతిలో మిగిలింది. రెండు పేటలు చేసి తొడ మీద పురిపెట్టాను. "దీపంలో నెయ్యి!" అని అరిచాను.

బావ ఆకాశం మీంచి కళ్లు దించాడు. దారం చూశాడు. అర్థమైపోయింది. దీపపు కుంది పట్టుకుని తనే పరిగెత్తుకొచ్చాడు. పూజారి మధ్యలో ఆపి, నా చేతిలో దారం వైపు వేలు చూపించి, అదీ ఔజారేనా అన్నట్టు కాసేపు ఆలోచించాడు. అందరం ఊపిరి బిగబట్టాం. హారన్ ఒక్కటే ఊపిరి తిప్పుకోకుండా మోగుతోంది. "ఫూల్ కా ధాగా," అన్నాడు చివరికి. "ప్రసాద్ హై. చలేగా." పూలదారం ప్రసాదమే, ఫరవాలేదట.

నేతిలో దారం ముంచి, రెండు కొసలూ వేళ్లకి చుట్టుకుని, సందులోకి దించాను. ఇటూ అటూ. ఇటూ అటూ. మొదట పసుపు ముద్ద వచ్చింది. తరవాత పుల్ల ముక్క. తరవాత ఒక గింజ, దాని వెనకే ఇంకోటి, నెయ్యి పూసుకుని నవ్వుతూ. దారం జారిన చోటల్లా బటన్ కొద్దికొద్దిగా కదులుతోంది, పాలపన్ను కదిలినట్టు. ఇంకో లాగు లాగాను. టక్కుమని బటన్ పైకి లేచింది.

ఆ నిశ్శబ్దం ఎలా ఉందంటే, చెవుల్లోంచి ఎవరో ఇనప మేకులు పీకేసినట్టుంది. పొంగలి గిన్నె ఉడుకుతున్న చప్పుడు వినిపించింది. రోడ్డు మీద కోళ్లు ఒకదాన్నొకటి పరామర్శించుకోవడం వినిపించింది. నేను చెయ్యెత్తి బటన్ మీద పెట్టాను. "వద్దూ!" అని గారేజీ మొత్తం అరిచింది. అయినా అదిమాను. "భోం" మంది. చెయ్యి తీశాను. ఆగింది! మళ్లీ అదిమాను, మళ్లీ తీశాను. మూడోసారి, ఎవరూ అడక్కపోయినా, ఊరికే, నా కోసం.

జనం నన్ను భుజాల మీద ఎత్తుకుని గోవింద్‌పూర్ అంతా ఊరేగించారు. (అంటే, టీ కొట్టు భయ్యా నా చెయ్యి ఊపి ఊపి వదిలిపెట్టలేదు. గాజు గ్లాసు నిండా మలాయి వేసిన చాయ్, అందరికంటే ముందు నాకు.) పూజారి నా తలమీద చెయ్యి పెట్టి ఏదో దీవించాడు. అసలైన పొగడ్త బావ నోట్లోంచి రావలసి ఉంది, వచ్చింది. నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, గార్డుగారికి వినబడేలా, "సూసేరా అండీ, మా ఓడి సెయ్యంటే అదీ! ఈడొచ్చిన కాణ్ణుంచీ కడిగించడం తప్ప ఇంకో పని సెప్పలేదు నేను! ఒక్క స్పానర్ ముట్టుకోనిత్తే ఒట్టు! కిరసనాయిల్లో తోమీ తోమీ, ధులాయిలో ఈడిని మించినోడు టాటాలోనే..." అని, అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, మాట మాత్రం ఆగిపోయింది. ఈసారి దారం వేసి లాగినా ప్రయోజనం లేదు.

గార్డుగారు గేటు దగ్గర్నుంచి నిదానంగా వెనక్కి వచ్చారు. నన్ను రెక్క పట్టుకుని డొక్కు కారు వెనక్కి తీసుకెళ్లారు.

"కడిగీవోడివా?"

"అవునండి."

"మెకానిక్కని మీ అప్ప సెప్పింది?"

"ఆవిడ్ని సెప్పమన్నాది నేనేనండి."

"కార్బొరేటర్ ఇప్పడం?"

"రాదండి."

"ఔజార్లు ఇంటాయన్నావు?"

"అది... అప్పటికప్పుడు తట్టిందండి."

ఆయన గడియారం చూసుకున్నారు. అయిపోయింది అనుకున్నాను. లోకోషెడ్డు కుర్రాడు క్వార్టర్ తాళం చెవులు ఊపుకుంటూ కళ్ల ముందు కనిపించాడు. ఇంతలో ఆయన చూపు నా గుప్పిట మీద పడింది. "ఆ సేతిలో ఏటది?"

గుప్పిట విప్పాను. నేతి జిడ్డుతో పచ్చటి గింజలు. "మీ అక్షింతలండి. ఇయ్యే అడ్డం పడ్డాయి."

గార్డుగారి మొహంలో రంగు మారింది. చుట్టూ ఒకసారి చూశారు. తన చేత్తో నా గుప్పిట గబుక్కున మూసేశారు. "ఎవరైనా సూసేరా?"

"లేదండి."

"ఒరే నాయనా," అన్నారాయన, మొట్టమొదటిసారి నన్ను ఒరే అంటూ. "మా బావమరిది కొత్త రేడియో కొంటే అక్షింతలేసేను. లోపలికెలిపోయేయి. ఇప్పటికీ స్టేషన్ తిప్పితే గలగలమంటాది. అంతకుముందు మా ఇంట్లోనే, కుట్టు మిషను. మా ఇంటావిడ ఏమందో తెల్సా? ఇంకోసారి మిషను మీద గింజ ఏత్తే, కంచంలో అన్నం బదులు అక్షింతలే వడ్డిత్తానంది. అంటే వడ్డిత్తాది. నీకు తెల్దు ఆవిడ సంగతి."

నాకు సాంబారు గరిటె గుర్తొచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ల వడ్డన నాకు కొంచెం తెలుసని చెప్పలేదు.

"సూడు," అన్నారు గొంతు ఇంకా తగ్గించి. "అక్షింతల సంగతి నువ్వు సచ్చినా మా ఇంట్లో సెప్పకు. కడిగీ సంగతి నాను సెప్పను. లైన్ క్లియరేనా?"

"క్లియరండి!" అన్నాను.

"మరి ఇంటికెళ్లి ఏటి సెప్తారండి?" అని అడగకుండా ఉండలేకపోయాను.

ఆయన గొడుగు సర్దుకున్నారు, చొక్కా మీద పసుపు దులుపుకున్నారు. "ఏటుంది? టాటాలో ఉస్తాదులందరూ సేతులెత్తేత్తే, మా అల్లుడు పూలదారంతో బండి బాగుచేసేడని సెప్తాను," అన్నారు. నన్నడిగితే నా జీవితంలో నాకు వచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే, అందులో ఒక్క ముక్క కూడా నేను పెంచి చెప్పింది కాదు. ఆయనే పెంచారు.

ఆ సాయంత్రమే మాట ఇచ్చేశారు. నిమజ్జనం అయిన మర్నాడు బావ నా చేతికి స్పానర్ ఇచ్చి, "ఇంక నేర్చుకోక తప్పదురా, లేకపోతే నా పరువు పోతాది," అన్నాడు. నేర్చుకున్నాను. తరవాత తరవాత అక్కడే సీతారామ్‌డేరా పేటలో నా సొంత గారేజీ పెట్టాను, ఊళ్లో సగం స్టీరింగులు నా చేతి మీదుగా వెళ్లాయి. (సగం కాదు. అయినా తక్కువేం కాదు.) మావయ్యగారూ నేనూ ఒప్పందం తప్పలేదు. పండగలకీ పబ్బాలకీ భోజనాల దగ్గర ఎవరైనా ఆ హారన్ కథ ఎత్తితే, ఆయన పప్పులోకీ నేను పులుసులోకీ చూసేవాళ్లం. ఆయన పోయి చాలా కాలమైంది. పోయేదాకా ఆయన నోటివెంట ధులాయి అన్న మాట రాలేదు.

ఇన్నేళ్లకి, ఒప్పందం చేసుకున్న రెండో మనిషి లేడు కదా అని ధైర్యం చేసి, ఇదంతా రాసి మా ఆవిడ చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, మొదట్నుంచీ చివరిదాకా చదివింది. నేను ఎదురుగా కూర్చుని, గార్డుగారి ముందు నిలబడ్డప్పటి కంటే ఎక్కువగా చెమటలు కక్కాను. కాయితాలు సర్ది పక్కన పెట్టింది.

"కడిగీవోరని నాకు తెల్దనుకున్నారేటి?" అంది. "పెళ్లయిన కొత్తలో మీ సొక్కాలు ఎవరుతికేరు? మెకానిక్కు సొక్కా గ్రీజు కంపు కొడతాది. మీది ఉత్త కిరసనాయిలు."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"అనడానికేటుంది అందులో? పని పనే కదా." అని, ఒక కాయితం తిరిగి చేతిలోకి తీసుకుంది. కళ్లలో మాత్రం నిప్పులు. "ఇదిగో, ఈ అక్షింతల ముక్క మాత్రం ఒప్పుకోను. మా నాన్న అక్షింతలు ఎంత మెత్తగా ఏసీవోడో మీకు తెల్దు. దోసెడు కుమ్మరించేడంట! ఆ బటన్ ముందే పాడైపోయుంటాది, మీ బావ పనితనానికి. ఇది కొట్టీండి."

కొట్టేస్తానన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది, మా బావని ఇంకా ఏదో అంటూనే. ఆ కాయితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ అడగని రహస్యానికి ఇన్నాళ్లూ కాపలా కాస్తూ పులుసులోకి చూస్తూ తిన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం ముద్దుగా కూడా అనిపించింది. తల ఎత్తి తినాల్సింది వెధవ, ఎన్ని మంచి భోజనాలు! మళ్లీ పెన్ను మూత పెట్టేశాను. కొట్టేశారా అని లోపల్నుంచి అడిగింది. ఆ, కొట్టేశాను అన్నాను.